ఆరు అంగుళాల లిఫ్ట్ కిట్: ఇంటి గోల్ఫ్ కార్టుకు వేయించాలా, వద్దా?

పీచ్‌ట్రీ_నాన్న

అందరికీ నమస్కారం. మేముండేది జార్జియాలో పీచ్‌ట్రీ సిటీ. ఈ ఊరి సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ కార్ల రోడ్లతో సంబంధం లేకుండా గోల్ఫ్ కార్టులు తిరిగే బాటలే వంద మైళ్లకు పైగా ఉన్నాయి. కూరగాయలకూ కార్టే, పిల్లలు హైస్కూలుకు వెళ్లడానికీ కార్టే. అంటే మాకు ఇది ఆటవస్తువు కాదు, ఇంటి బండి.

పోయినేడు 2015 మోడల్ ఈజీగో టీఎక్స్‌టీ, 48 వోల్టులది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ముందు యజమాని వెనక్కి తిరిగి కూర్చునే సీటు బిగించాడు. మొత్తం నలుగురం పడతాం. చెరువు వైపు బాటలో పైన్ చెట్ల వేళ్లు తారును పైకి లేపేశాయి. అక్కడ రెండు చోట్ల బండి అడుగు గర్రుమని గీసుకుంటోంది. వాన పడితే బాట అంచున ఎర్రమట్టిలో చక్రం దిగబడుతోంది.

మా పెద్దాడికి పదహారేళ్లు. బండిని ఆరు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్, 22 అంగుళాల టైర్లు వేయిద్దామంటాడు. మా వీధిలో నాలుగు బండ్లు అలాగే ఉన్నాయి. మా ఆవిడ ససేమిరా అంటోంది. వచ్చే నెల మా అమ్మ వైజాగ్ నుంచి వస్తోంది, ఆరు నెలలు ఉంటుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో రెండు వారాలుగా ఇదే పంచాయితీ. వేయించిన వాళ్లు, వేయించి తీసేసిన వాళ్లు, ఎవరైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఎర్రమట్టి_రైడర్

అన్నా, వేయించండి. నాకు ఉత్తర జార్జియా కొండల వైపు కొంచెం పొలం ఉంది. నాలుగేళ్లుగా ఆరు అంగుళాల ఏ-ఆర్మ్ కిట్ (ముందు చక్రాలను పట్టుకునే ఏ ఆకారపు చేతులుండేది), 23 అంగుళాల టైర్లతో తిప్పుతున్నా. దానికి ముందు వాన పడిన మర్నాడు షెడ్డు దగ్గరికి పోవాలంటే నడక తప్ప దారి లేదు. ఇప్పుడు కాలువ గట్టు ఎక్కుతుంది, రాళ్ల మీద పోతుంది. మొదట్లో నాకూ భయమే. వేగం తగ్గించుకుని మలుపు తిప్పడం అలవాటు చేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. కిట్ నేనే ఇంట్లో బిగించా, శని, ఆదివారాలు రెండు రోజులు పట్టింది. పదహారేళ్ల పిల్లాడితో కలిసి చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పని ఏముంటుంది చెప్పండి. బోల్టు అంటే ఏమిటో, టార్క్ అంటే, అదే బిగింపు బలం అంటే ఏమిటో వాడికి జన్మలో మర్చిపోకుండా తెలుస్తుంది.

నైట్‌షిఫ్ట్_నర్సు

నేను ఫ్లోరిడాలో ఎమర్జెన్సీ వార్డులో పని చేస్తాను. అన్నయ్యగారూ, మీ పోస్టులో నన్ను పట్టి ఆపింది లిఫ్ట్ కాదు, వెనక్కి తిరిగి ఉన్న సీటు.

కార్టు ప్రమాదం అంటే అందరూ బోల్తా పడటం అనుకుంటారు. మేం ఎక్కువగా చూసేది బండి లోంచి జారి పడటం. ఒహాయో పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 1990 నుంచి 2006 వరకు అమెరికా ఎమర్జెన్సీ వార్డుల లెక్క తీస్తే గోల్ఫ్ కార్టు గాయాలు దాదాపు 1,48,000 తేలాయి. అందులో పదహారేళ్ల లోపు పిల్లలు మూడో వంతుకు దగ్గర. అన్నిటికన్నా ఎక్కువ కారణం పడటమో, దూకటమో. కార్టుకు తలుపు ఉండదు. చాలా వాటికి బెల్టు ఉండదు. ముందు కూర్చున్నవాళ్లకు మలుపు కనిపిస్తుంది కాబట్టి శరీరం ముందే సర్దుకుంటుంది. వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లకు మలుపు వస్తున్నట్టే తెలియదు. డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కితే బండి ముందుకు పోతుంది, పిల్ల ఉన్నచోట ఉండిపోతుంది. ముఖం నేల వైపే ఉంటుంది కదా.

మా చెల్లెలి కొడుకు సంగతి చెప్తాను. ఏడేళ్లు వాడికి. వాళ్ల వీధి చివర గుండ్రంగా తిరిగే చోట, లిఫ్ట్ వేసిన పక్కింటివాళ్ల కార్టు వెనక సీటు మీంచి పడ్డాడు. బండి గంటకు పన్నెండు మైళ్ల వేగం మీద కూడా లేదు. మోచేయి పైన ఎముక విరిగింది, రెండు పిన్నులు వేశారు. సీటు మామూలు ఎత్తులో ఉంటే పడేవాడు కాదని నేను అనలేను. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు అన్నది మాత్రం లెక్కలోకి వస్తుంది, ఆ ఎత్తుకు లిఫ్ట్‌తో ఆరు, పెద్ద టైర్లతో రెండు, మొత్తం ఎనిమిది అంగుళాలు కలపడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

కమాన్_మెకానిక్

పీచ్‌ట్రీ నాన్న గారూ, వేయాలా వద్దా అనేది తర్వాత. ముందు ఒక ప్రశ్న. మీ బండికి కింద గీసుకుంటున్న భాగం ఏది? కిందకి దూరి చూశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య కమాన్ కట్టల (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) షాపులో పెరిగినవాణ్ణి. ఇక్కడికి వచ్చాక కూడా బండ్ల పనే. ఇరవై ఏళ్లుగా చూస్తున్న పొరపాటు ఒకటి ఉంది. లిఫ్ట్ వేస్తే బండి కింద ఖాళీ పెరుగుతుందని అందరూ అనుకుంటారు. సగమే నిజం.

టీఎక్స్‌టీకి వెనక ఉన్నది ఒకే ఇరుసు. మధ్యలో డిఫరెన్షియల్ గుండు, అంటే మోటారు బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె, ఉంటుంది. ఆ ఇరుసు చక్రం మధ్యలోంచే పోతుంది. మీరు కమాన్ల దగ్గర బ్రాకెట్లు పెట్టి ఆరు అంగుళాలు లేపారనుకోండి. లేచేది ఛాసిస్, బాడీ, సీటు, సీట్లో మనుషులు. ఇరుసు లేవదు, అది చక్రంతోనే ఉంటుంది. డిఫరెన్షియల్ కింద ఖాళీ పెరగాలంటే టైరు పెద్దది కావాలి. అదీ సగమే: 18 అంగుళాల టైరు తీసి 22 అంగుళాలది వేస్తే వ్యాసం నాలుగు పెరుగుతుంది, ఇరుసు రెండే లేస్తుంది.

అంటే మీరు ఆరు అంగుళాల కిట్టూ 22 టైర్లూ వేస్తే మనుషులు ఎనిమిది అంగుళాలు పైకి పోతారు, వెనక ఇరుసు రెండు అంగుళాలు పోతుంది. మీ వేరు ఆ గుండుకే తగులుతుంటే, ఆ రెండు అంగుళాల కోసం మీ అమ్మగారిని ఎనిమిది అంగుళాలు లేపుతున్నారన్న మాట. మరి లిఫ్ట్ దేనికంటారా? పెద్ద టైరు బాడీకి రాసుకోకుండా చోటు ఇవ్వడానికి. అసలు పని అదే. ఎంత పెద్ద టైరు కావాలో తేలకుండా లిఫ్ట్ కొలత ఎంచుకోవడం, కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టు ఉంటుంది.

ఎర్రమట్టి_రైడర్

మెకానిక్ అన్నా, మీరు చెప్పింది కాదనను. ఒక్క సవరణ. ముందు వైపు అలా కాదు. స్పిండిల్ లిఫ్ట్ అయినా ఏ-ఆర్మ్ అయినా, స్పిండిల్ అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క, బండి కన్నా కిందకి దిగుతుంది కాబట్టి ముందున్నదంతా నిజంగానే పైకి లేస్తుంది. పైగా బండి నడుము, అంటే రెండు ఇరుసుల మధ్య భాగం, ఆరు అంగుళాలూ లేస్తుంది. గట్టు ఎక్కి దిగేటప్పుడు తగిలేది ఆ నడుమే. నా పొలంలో పనికొచ్చింది అదే. లిఫ్ట్ అంటే ఉత్త ఎత్తు సీటు అని తీసిపారేయకండి.

కమాన్_మెకానిక్

నిజమే తమ్ముడూ, ముందు వైపు సంగతి నువ్వు చెప్పిందే సరి. నడుము సంగతీ ఒప్పుకుంటాను. గట్లు, కాలువలు ఉన్న చోట నేనూ లిఫ్టే వేస్తాను. ఆయన తిరిగేది మాత్రం తారు బాట మీద.

లెక్కల_టీచర్

నేను టెక్సాస్‌లో హైస్కూల్ లెక్కల టీచర్ని. మా ఇంట్లోనూ కార్టు ఉంది. ఇది కొలిచి తేల్చుకోవాల్సిన విషయం. కాగితం మీద చేసినది ఇక్కడ పెడుతున్నాను.

గడ్డి బండి గుర్తుందా? చిన్నప్పుడు మా ఊళ్లో వరిగడ్డి వేసుకొచ్చే బండి చెరువు గట్టు మలుపులో పడిపోవడం చూశాను. అదే బండి ధాన్యం బస్తాలతో వస్తే పడేది కాదు. బరువు అంతే ఉన్నా, కాస్త ఎక్కువే ఉన్నా, అది కిందన ఉండేది. బోల్తాను తేల్చేవి రెండు కొలతలు: చక్రాల మధ్య వెడల్పులో సగం, బరువు కేంద్రం ఎత్తు. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అమెరికా రవాణా భద్రతా సంస్థ కార్లకు బోల్తా రేటింగ్ ఇచ్చేటప్పుడు వాడేది కూడా ఈ నిష్పత్తే.

మీ బండి కొలతలు నా దగ్గర లేవు కాబట్టి ఉదాహరణకు అనుకుందాం. చక్రాల మధ్య వెడల్పు 36 అంగుళాలు. మనుషులతో కలిపి బరువు కేంద్రం నేల నుంచి 24 అంగుళాలు. 18 ని 24 తో భాగిస్తే 0.75. ఇప్పుడు బాడీ ఎనిమిది అంగుళాలు లేచింది, కేంద్రం 32 కి చేరిందనుకోండి. 18 ని 32 తో భాగిస్తే 0.56. అయిదు మీటర్ల వ్యాసార్ధంలో గట్టిగా మలుపు తిప్పితే మొదటి బండి గంటకు సుమారు పదమూడున్నర మైళ్ల దగ్గర తిరగబడాలి, రెండోది పన్నెండు లోపే. నిజం బండిలో స్ప్రింగులు ఒరుగుతాయి, మనుషులు బయటికి తూగుతారు కాబట్టి రెండూ ఇంకా ముందే పడతాయి.

తేడా రెండు మైళ్ల లోపే కదా అంటారు. మా వారూ అదే అన్నారు. రెండో సగం ఇప్పుడు చూడండి. టైరు 18 నుంచి 22 కి పెరిగితే మోటారు అన్నే చుట్లు తిరిగినా బండి 22 శాతం ఎక్కువ దూరం పోతుంది. పధ్నాలుగు మైళ్లు పోయే బండి పదిహేడు పోతుంది. పడిపోయే వేగం కిందకి దిగింది, పోగలిగే వేగం పైకి ఎక్కింది. ఇంతకుముందు బండి గరిష్ఠ వేగానికీ బోల్తా వేగానికీ మధ్య అర మైలు తేడా. ఇప్పుడు అయిదు మైళ్లు దాటింది. పదహారేళ్ల అబ్బాయి ఆ అయిదు మైళ్లలోనే బండి నడుపుతాడు. నా క్లాసులో ఏటా ఆ వయసు పిల్లలే నూట యాభై మంది, వాళ్ల మీద ప్రేమతోనే అంటున్నాను.

ఎర్రమట్టి_రైడర్

టీచర్ గారూ, లెక్క చక్కగా చెప్పారు. వెడల్పు మాత్రం 36 దగ్గరే ఎందుకు ఆపేశారు? ఏ-ఆర్మ్ కిట్‌తో ముందు చక్రాలు బయటికి జరుగుతాయి. వెనక ఆఫ్‌సెట్ రిమ్ములు వేస్తే అవీ జరుగుతాయి. నా బండి ఇప్పుడు పాతదానికన్నా బాగా వెడల్పు. ఎత్తొక్కటే పెంచి వెడల్పు వదిలేసేవాళ్లది తప్పు, కిట్‌ది కాదు.

లెక్కల_టీచర్

బాబూ, మంచి ప్రశ్న. అదీ చేసి చూద్దాం. కేంద్రం 32 దగ్గర ఉన్నప్పుడు పాత 0.75 తిరిగి రావాలంటే సగం వెడల్పు 24 కావాలి, మొత్తం 48. అంటే పన్నెండు అంగుళాలు వెడల్పు పెంచాలి. మీ బండికి ఎంత పెరిగిందో టేపుతో కొలిచి చెప్తారా? చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకు.

ఎర్రమట్టి_రైడర్

కొలిచాను. ముందు ఏడు, వెనక నాలుగున్నర పెరిగింది. పన్నెండు లేదు. ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

చేవెళ్ల_తోట

అన్నలకు నమస్తే. మాది హైదరాబాద్ పక్కకు చేవెళ్ల దిక్కు, చిన్న మామిడి తోట ఉన్నది. మా నాయినకు నడుసుడు కష్టమైతున్నదని ఒక గోల్ఫ్ క్లబ్బు తీసేసిన పాత కార్టు కొన్న. నల్లరేగడి భూమి. వానకాలం చక్రం మునిగితే ట్రాక్టరుతోని గుంజుడే.

గా కిట్లు ఇక్కడికి తెప్పియ్యాలంటే బండి ధరకు దగ్గరైతున్నది. ఊర్లె వెల్డింగ్ షాపతను నాలుగు ఇంచుల ఇనుప దిమ్మలు రెండు కోసి ఇచ్చిండు. ఇరుసుకు కమాన్ కట్టకు నడుమ పెట్టి, పొడుగు యూ-బోల్టులతోని బిగిచ్చినం. చూడటానికి మంచిగనే ఉన్నది. మూడు వారాలు నడిచింది. ఒకరోజు గట్టు దిగుతుంటే వెనుక నుంచి టక్కుమన్నది, బండి ఓ పక్కకు గుంజబట్టింది. దిగి చూస్తే ఎడమ దిక్కు దిమ్మ ముందటికి జరిగింది, ఇరుసు వంకరైంది. మా నాయిన బండిలనే ఉన్నడు. చెట్టుకు ఆనుకుని ఆగింది కాబట్టి సరిపోయింది.

తర్వాత లారీ మేస్త్రి ఒకాయన చూసి, దిమ్మకు సెంటర్ బోల్టు గుంత ఏదిరా అని అడిగిండు. కమాన్ కింద సెంటర్ బోల్టు తల ఉంటది గదా, అది కూసునేటందుకు దిమ్మకు మీద గుంత ఉండాలె, కింద ఇరుసు గుంతల కూసునేటందుకు దిమ్మకు మేకు ఉండాలె. మాకు రెండూ లేవు. ఉత్త యూ-బోల్టుల పట్టు మీదనే నడిపినం. దిమ్మలు పీకేసిన. ఇప్పుడు పాత ఎత్తే, గాని టైర్లు గీతలు లోతుగ ఉన్నవి వేసిన, గాలి కొంచెం తక్కువ పెడుతున్న. తోటల తిరగనీకి అది చాలు. ఎవరన్న దిమ్మలు చేపిస్తమంటే దయచేసి ఆగుండ్రి.

కమాన్_మెకానిక్

చేవెళ్ల తమ్ముడూ, మీ నాన్నగారికి ఏమీ కానందుకు సంతోషం. నువ్వు ఆ దిమ్మ సంగతి రాయడం చాలామందికి పనికొస్తుంది. యూ-బోల్టు పని నొక్కి పట్టుకోవడం. జరగకుండా ఆపే పని సెంటర్ బోల్టుది. లారీ అయినా కార్టు అయినా అదే సూత్రం.

కిట్ వేసే వాళ్ల కోసం బిగింపు గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఎటూ కొందరు వేస్తారు, వేసేవాళ్లు సరిగ్గా వెయ్యాలి.

మొదట సీటు కింద ఉన్న స్విచ్చిని టో (బండిని లాక్కెళ్లేటప్పుడు పెట్టేది) వైపు తిప్పండి. ఆ తర్వాతే బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. 48 వోల్టుల బ్యాటరీ కట్ట మీద స్పానర్ అడ్డంగా పడితే నిప్పు రవ్వలు కాదు, స్పానరే కరుగుతుంది. చేతి ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. బండిని జాకీతో లేపి జాకీ మీదే వదిలి కింద దూరవద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. ఆరు సీసం బ్యాటరీలే నూట యాభై కిలోలు దాటతాయి, అవన్నీ మీ తల మీద ఉంటాయి.

బిగించాక అందరూ వదిలేసేవి రెండు. ఒకటి టో-ఇన్, అంటే ముందు చక్రాలు ఎదురుగా చూస్తున్నాయా లేదా. టైరు ముందు అంచుల మధ్య ఒకసారి, వెనక అంచుల మధ్య ఒకసారి టేపు పెట్టి కొలిచి, కిట్ కాగితంలో చెప్పిన తేడా వచ్చేదాకా టై రాడ్ (స్టీరింగ్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) తిప్పాలి. ఇది చేయకపోతే కొత్త టైర్లు ఒక్క ఎండాకాలంలోనే ఒక పక్క అరిగిపోతాయి. రెండోది బ్రేక్ కేబుళ్లు. వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం పెరిగింది, కేబుల్ పొడవు పెరగలేదు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, వెనక సస్పెన్షన్ పూర్తిగా వేలాడదీసి, కేబుల్ గానీ మోటారు తీగలు గానీ బిగుసుకుంటున్నాయేమో చూడాలి. వారం తిప్పాక నట్లన్నీ మళ్లీ టార్క్ రెంచితో, అంటే బిగువు కొలిచే స్పానర్‌తో చూడాలి. కొత్త లోహం సర్దుకుంటుంది, బిగువు తగ్గుతుంది.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి నా అసలు అభ్యంతరం చెప్పేస్తాను. టీఎక్స్‌టీకి బ్రేకులు వెనక చక్రాలకే ఉన్నాయి. డ్రమ్ము బ్రేకులు, తీగతో లాగేవి. ముందు ఏమీ లేవు. టైరు 22 అయితే అదే డ్రమ్ము, అదే కాలి బలం, నేల దగ్గరకొచ్చేసరికి ఆపే బలం 18/22, అంటే 82 శాతం. బండి వాలులో దిగుతూ బ్రేకు వేస్తే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. బరువు కేంద్రం ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా తేలికవుతాయి. ఉన్న బ్రేకులన్నీ ఆ తేలికైన చక్రాల మీదే. ఎనిమిది అంగుళాలు లేపిన బండికి వెనక బ్రేకులొక్కటే సరిపోతాయని నేను సంతకం పెట్టి చెప్పలేను. లిఫ్ట్ వేస్తే ముందు డిస్కు బ్రేకులు కూడా వేయండి. ఆ ఖర్చు కూడా కలిపాక కిట్ ధర ఎంతో చూసుకోండి.

పీచ్‌ట్రీ_నాన్న

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మా వాడూ నేనూ కలిసి చదివాం. వాడి ప్రశ్న: కంట్రోలర్‌లో (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) వేగం మార్పించి పంతొమ్మిది మైళ్లకు పెట్టుకున్నవాళ్లు 22 టైర్లు వేస్తే చట్టం ఒప్పుకుంటుందా?

లెక్కల_టీచర్

19 ని 22 తో గుణించి 18 తో భాగించమనండి. 23 దాటుతుంది. అమెరికా కేంద్ర నిబంధన 1998లో వచ్చింది. దాని ప్రకారం నాలుగు చక్రాల చిన్న బండి 20 మైళ్లు దాటి 25 లోపు పోగలిగితే అది గోల్ఫ్ కార్టు కాదు, లో-స్పీడ్ వాహనం. దానికి సీటు బెల్టులు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు, విండ్‌షీల్డు, పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. టైరు మార్చినంత మాత్రాన బండి కేటగిరీ మారిపోతుందని చాలామందికి తట్టదు. మీ ఊళ్లో రిజిస్ట్రేషన్ స్టిక్కరు ఉంటుంది కదా, అది గోల్ఫ్ కార్టుకు ఇచ్చింది. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా ముందే ఉత్తరం రాసి, జవాబు రాతలో తెచ్చుకోండి. ఫోన్లో చెప్పిన మాట చాలదు.

ఎర్రమట్టి_రైడర్

ఇంకో విషయం. లిఫ్ట్ వేస్తే వారంటీ మొత్తం పోతుందని షాపుల్లో చెప్తుంటారు. పూర్తిగా నిజం కాదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, వేరే కంపెనీ భాగం బిగించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ కొట్టేయకూడదు, ఆ భాగం వల్లే చెడిందని వాళ్లు చూపించాలి. అన్న బండి 2015ది కాబట్టి ఆయనకు ఈ గొడవ లేదు, కొత్త బండి వాళ్ల కోసం రాస్తున్నా.

నైట్‌షిఫ్ట్_నర్సు

వారంటీ బండికి ఉంది, మోచేతికి లేదు. క్షమించాలి, ఆ పిల్లాడి ఎక్స్‌రే నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

అన్నయ్యగారూ, మీ అమ్మగారి గురించి ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేదు. బండి ఎక్కేటప్పుడు కాలు పెట్టే చోటు ఇప్పుడు నేల నుంచి ఎంత ఎత్తుంది? ఇంటి మెట్టు ఏడు అంగుళాలుంటుంది. చీర కట్టుకుని, మోకాలు వంగక, పట్టుకునే కడ్డీ ఒక్కటే ఉన్నచోట ఆమె ఎంత ఎత్తు ఎక్కగలరో మీరే చూసుకోండి. సాయంత్రం చల్లగాలికి తిరిగే ఆ అరగంటే ఆమెకు అమెరికాలో సొంత సమయం. బండి ఎక్కలేకపోతే ఆ ఆరు నెలలూ కిటికీ దగ్గర కూర్చుంటుంది. మా అమ్మ విషయంలో నాకది అనుభవం.

పీచ్‌ట్రీ_నాన్న

ఈ రోజు శనివారం. పొద్దున్నే మెకానిక్ గారు చెప్పినట్టు బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, టార్చి పట్టుకుని నేనూ మావాడూ కిందకి దూరాం. చూసినదంతా వరసగా రాస్తాను.

డిఫరెన్షియల్ గుండు మీద ఒక్క గీత లేదు. బండి నడుము మీద లేదు. గీతలన్నీ వెనక సీటు వాళ్లు కాళ్లు పెట్టుకునే పలక కింద ఉన్న బ్రాకెట్ మీదే ఉన్నాయి. మెరుస్తూ కనిపిస్తున్నాయి. ఆ పలక వెనక ఇరుసు దాటి రెండడుగుల దాకా బయటికి పొడుచుకొచ్చి ఉంది. చక్రం వేరు ఎక్కి దిగగానే ఆ తోక పోయి నేలకు కొడుతోంది.

తర్వాత మావాడే పట్టుకున్నాడు ఇంకొకటి. కమాన్ కట్టలు చూడు నాన్నా, అన్నాడు. వెనక కమాన్లు విల్లులా వంగి ఉండాల్సింది పోయి చదునుగా పడిపోయాయి. బండిని నేల మీదికి దించి చూస్తే, ఖాళీగా ఉన్నప్పుడే వెనక భాగం ముందుకన్నా రెండంగుళాలకు మించి కిందకి ఉంది. ఇద్దరం వెనక సీట్లో కూర్చుంటే పలక నేలకు అయిదు అంగుళాల్లో ఉంది. ఎక్కేటప్పుడు కాలు పెట్టే చోటు ఎత్తు కూడా కొలిచాం. పన్నెండు అంగుళాలు. ఎనిమిది కలిపితే ఇరవై. ఇరవై అంగుళాల పెట్టె ఒకటి తెచ్చి గరాజులో పెట్టి, నానమ్మలాగా కాళ్లు బిగబట్టుకుని ఎక్కి చూడరా అన్నాను. ఎక్కి చూసి ఏమీ మాట్లాడలేదు.

కమాన్_మెకానిక్

నేను మొదట్నుంచీ అనుమానించింది ఇదే, చూడకుండా చెప్పకూడదని ఊరుకున్నాను. ఆ కమాన్లు ముందు సీట్లో ఇద్దరినీ, వెనక గోల్ఫ్ సంచులనూ మోయడానికి చేసినవి. దాని మీద వెనక సీటు ఇనుము, ఇద్దరు మనుషులు. పదేళ్లలో అలసిపోయాయి. మీకు కావలసింది లిఫ్ట్ కాదు. వెనక సీటున్న బండ్లకు హెవీ డ్యూటీ కమాన్లు దొరుకుతాయి, అవి వేయండి. వాటితో పాటు బుష్‌లు (కమాన్ చివర్లలో బోల్టు చుట్టూ ఉండే మెత్తటి గొట్టాలు), షాక్ అబ్జార్బర్లు కూడా మార్చేయండి, వాటి వయసూ అంతే. పోయిన ఎత్తు తిరిగి వస్తుంది, బరువు కేంద్రం కంపెనీ పెట్టిన చోటే ఉంటుంది. పలక బ్రాకెట్‌కు బోల్టు రంధ్రాలు పైన ఇంకో వరస ఉంటే పలకను ఒక రంధ్రం పైకి జరపండి.

ఎర్రమట్టికి మాత్రం టైరు గీతలే మందు. 18 అంగుళాల్లోనే లోతు గీతలున్నవి ఉన్నాయి. 20 కి పోవద్దు, లిఫ్ట్ లేకుండా అది స్టీరింగ్ తిప్పినప్పుడు రాసుకుంటుంది.

ఎర్రమట్టి_రైడర్

ఒప్పుకుంటున్నా అన్నా, మీ బండికి కిట్ వద్దు. నా పొలం బండికి మాత్రం ఉంటుంది, ఆ గట్లు అలాంటివి. అయితే టీచర్ గారి లెక్క చూశాక నాదాని వేగం కంట్రోలర్‌లో పన్నెండుకు కట్టించేశా, ముందు బ్రేకులకు ఆర్డర్ పెట్టా. వెనక సీటు కూడా పీకేసి సామాను పెట్టె బిగిస్తున్నా. మా అన్న పిల్లలు వచ్చినప్పుడు అందులో ఎక్కుతామని గోల పెడతారు, ఇక నడిచి రమ్మంటాను.

చేవెళ్ల_తోట

కమాన్లు పాతయి తీసేటప్పుడు ఏ కట్టకు ఆ కట్ట ఫోటో తీసుకోండి అన్నా. మేము తీయలేదు, మళ్ల ఎక్కియ్యనీకి ఒక పూట పట్టింది.

పీచ్‌ట్రీ_నాన్న

కమాన్లు, బుష్‌లు, షాకులు ఆర్డర్ పెట్టాం, గురువారం వస్తాయి. వెనక సీటుకు రెండు నడుము బెల్టులూ, పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా చెప్పాను. మావాడు ఇంకా కాస్త మొహం ముడుచుకునే ఉన్నాడు కానీ, యూ-బోల్టులు తనే బిగిస్తానని టార్క్ రెంచి పక్కింటి నుంచి అడిగి తెచ్చాడు. అమ్మ 14న దిగుతుంది. మెకానిక్ గారూ, వారం తిప్పాక మళ్లీ బిగువు చూడమన్నారు కదా, కమాన్లకు కూడా అంతేనా?

కమాన్_మెకానిక్

అంతే. బండిని నేల మీద నిలబెట్టి, కమాన్ల మీద బరువు ఉన్నప్పుడే బుష్ బోల్టులు చివరి బిగింపు బిగించండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలి తిరిగి నెలల్లో చిరుగుతుంది. యూ-బోల్టులు నాలుగు కాళ్లూ సమంగా, ఎదురెదురుగా కొంచెం కొంచెం. వారం తర్వాత అబ్బాయినే చూడమనండి.